చిట్యాల నుంచి చెన్నై ట్రాక్ దాకా

సంక్రాంతి ముందు రోజుల్లో చిట్యాల దగ్గర హైవే పక్కన ఒక గంట నిలబడి చూడండి. పంతంగి టోల్‌గేటు దాటిన కార్లు బారులు కట్టి విజయవాడ వైపు సాగిపోతుంటాయి. షోరూం నుంచి దిగి వారం కూడా కాని, బానెట్ మీద పసుపు కుంకుమ ఇంకా చెరగని ఎస్‌యూవీలు. పదిహేనేళ్లుగా ఒకే ఇంటికి సేవ చేస్తున్న స్విఫ్ట్‌లు. టాప్ మీద సూట్‌కేసులు కట్టుకున్న ఎర్టిగాలు. పక్కకు వచ్చేదాకా చప్పుడు తెలియని ఎలక్ట్రిక్ కార్లు. ఎప్పుడో ఒకసారి నేలకు జానెడు ఎత్తులో ఒక పోర్షా. అది కనపడితే టీకొట్టు దగ్గరున్న పిల్లలంతా గ్లాసులు వదిలేసి రోడ్డు మీదికి వస్తారు.

మాది చిట్యాల. నాకు కార్ల పిచ్చి ఈ రోడ్డు మీద నుంచే పట్టింది. నా చిన్నతనంలో ఇది 9వ నంబరు జాతీయ రహదారి. రెండే వరుసలు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే ప్రతి బండీ మా ఊళ్లో వేగం తగ్గించుకొని, హారన్ కొట్టుకుంటూ, ఎడ్లబండ్లను తప్పించుకుంటూ పోవాల్సిందే. అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకొని, వచ్చేది అంబాసిడరా ఫియటా అని చప్పుడును బట్టి చెప్పడం మా ఆట. సెకండ్ గేరులో అంబాసిడర్ మూలుగు వేరు, ఫియట్ సన్నటి గొంతు వేరు. లేలాండ్ లారీని గుర్తుపట్టినందుకు ఎవరూ మార్కులేసేవాళ్లు కాదు, అది చెవిటివాడికీ తెలుస్తుంది. 2012 నాటికి రోడ్డు నాలుగు వరుసలైంది, నంబరు 65కు మారింది. ఆడుకున్న అరుగులు రోడ్డు కిందికి పోయాయి. కార్లు మాత్రం పెరిగాయి, వాటి వేగం ఇంకా పెరిగింది.

ఇప్పుడు మెకానిక్ షెడ్డు దగ్గర కారు ఆపితే కుర్రాళ్లు అడిగే మొదటి మాట ఒక్కటే: "అన్నా, గిది ఎంత స్పీడు పోతది?" తప్పుడు ప్రశ్నేం కాదది. యంత్రం మీద ప్రేమ పుట్టేది ఆ ప్రశ్నతోనే. అదే ప్రశ్న చెన్నై, కోయంబత్తూరు కుర్రాడు అడిగితే తీసుకెళ్లి చూపించడానికి అక్కడొక చోటు ఉంది. మా కుర్రాడు అడిగితే జవాబు చెప్పేది ఈ హైవేనే. ఈ తేడా ఎందుకు వచ్చిందో, ఎలా పోతుందో చెప్పాలనే ఈ కథనం.

796 సీసీ

అంబాసిడర్ బ్రిటన్ నుంచి వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు మన రూపం. 1950ల చివర మొదలై 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారైంది. ఆ కారు మీద నాకు గౌరవం ఉంది. రాళ్ల బాటల మీద పెళ్లివాళ్లను, పత్తి వ్యాపారులను, రోగులను మోసి మోసి అరిగిన కారు అది. వేగం మీద ఆశ పుట్టించిన కారు మాత్రం కాదు.

ఆ ఆశ 1983 డిసెంబరులో వచ్చింది. మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఆరున్నర క్వింటాళ్ల చుట్టూ బరువు. ఇవాళ నడిపితే బొమ్మలా అనిపిస్తుంది. అప్పటిదాకా అంబాసిడర్ స్టీరింగ్‌తో కుస్తీ పట్టిన చేతులకు మాత్రం అది ఒక విడుదల. తిప్పిన వైపు వెంటనే తిరిగే కారు, గేరు వేస్తే వేలికి తెలిసే కారు మామూలు మనిషికి అందింది.

ఆ చిన్న ఇంజన్ ఎక్కడిదాకా పోయిందో మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ దాన్ని తీసుకొని ఒంటిసీటు రేసు కారు తయారుచేశారు. ఫిస్మే అని పిలిచేవారు. విదేశీ రేసు కారు కొనే స్తోమత లేని కుర్రాళ్లకు సైతం, టీచరమ్మ స్కూలుకు వేసుకెళ్లే కారు ఇంజన్‌తోనే అసలైన రేసింగ్ అందుబాటులోకి వచ్చింది. ఆ ఫార్ములా మారుతి కార్ల మీద చేయి తిప్పుకున్న వాళ్లలో నరేన్ కార్తికేయన్ ఒకడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున అతడు ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ దాన్ని చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు శివారు చెట్టిపాళెంలోని 2.1 కిలోమీటర్ల ట్రాక్ ఆయన పేరుతోనే ఉంది, కరి మోటార్ స్పీడ్‌వే అని. మన దేశ మోటార్ స్పోర్ట్‌కు మేలు చేసిన వాళ్లలో ఒక్క పేరు చెప్పమంటే నేను ఈయన పేరే చెబుతాను. గెలిచినందుకు కాదు, గెలిచే అవకాశాన్ని చవక చేసినందుకు.

1998 నుంచి ఐదారేళ్లు కార్ల ప్రేమికులకు పండగ. మిత్సుబిషి లాన్సర్, హోండా సిటీ, ఫోర్డ్ ఐకాన్, ఫియట్ పాలియో 1.6 వరసగా వచ్చాయి. వందకు పైగా హార్స్‌పవర్ ఉన్న సిటీ వీటెక్ ఇంజన్‌ను ఎర్ర గీత దాకా తిప్పితే వచ్చే నాదం ఇప్పటి టర్బో ఇంజన్లలో రాదు. లాన్సర్ స్టీరింగ్ పట్టుకుంటే కింద రోడ్డు నున్నగా ఉందా, ఇసుక ఉందా అన్నది అరచేతికి తెలిసేది. ఈ కార్లే రేసులకూ ర్యాలీలకూ పోయాయి. మట్టి బాటల మీద వాటికి జత మారుతి జిప్సీ. ఇప్పుడు హైవే మీద వాటికి రెట్టింపు బరువున్న ఎస్‌యూవీలు, రెట్టింపు బలంతో పోతున్నాయి. అద్దాలు ఎత్తితే లోపల వంద, నూట నలభై ఒకేలా అనిపిస్తాయి. ఆ నిశ్శబ్దమే నన్ను భయపెడుతుంది.

అన్నెపర్తి మీదుగా

చిట్యాల నుంచి చెన్నై ట్రాక్‌కు ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి, చెరువుగట్టు జడల రామలింగేశ్వరుడికి దూరం నుంచే దండం పెట్టుకొని, నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, పిడుగురాళ్ల, నర్సరావుపేట, అద్దంకి మీదుగా కోస్తా హైవే ఎక్కాలి. అక్కడి నుంచి ఒంగోలు, నెల్లూరు, చెన్నై. బత్తాయి తోటలు, నాపరాయి గుట్టలు, సిమెంటు ఫ్యాక్టరీలు, పొగాకు చేలు, చివరికి ఉప్పుగాలి. డ్రైవింగ్ ఇష్టపడేవాడికి ఇంతకంటే మంచి దారి తెలుగు నేల మీద తక్కువ.

ఈ దారి మీద నల్లగొండకు ముందు అన్నెపర్తి వస్తుంది. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నందమూరి హరికృష్ణ కారు ప్రమాదానికి గురైంది ఇక్కడే. నెల్లూరు జిల్లాలో పెళ్లికి పోతూ తానే నడుపుతున్నారు. కారు డివైడర్‌ను కొట్టి పల్టీలు కొట్టింది, ఆయన బయటికి ఎగిరి పడ్డారు. సీటుబెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. నార్కట్‌పల్లి కామినేని ఆసుపత్రికి తీసుకొచ్చినా ప్రాణం దక్కలేదు.

రాజకీయాలు పక్కన పెడదాం, సినిమాలు పక్కన పెడదాం. స్టీరింగ్ పట్టిన మనిషిగా హరికృష్ణకు తెలుగు చరిత్రలో ఒక చోటుంది. పాత షెవ్రొలే వ్యానును మార్చి కట్టిన చైతన్యరథాన్ని, తండ్రి టాప్ మీద నిలబడి మాట్లాడుతుంటే, ఊరూరా వేల కిలోమీటర్లు నడిపింది ఆయనే. పవర్ స్టీరింగ్ సుఖం తెలియని రోజుల్లో, గుంతల రోడ్ల మీద, మీద పడే జనం మధ్య ఒక్కరికీ దెబ్బ తగలకుండా ఆ బండిని నడపడం మామూలు విద్య కాదు. అంత చేయి తిరిగిన మనిషిని కూడా తెల్లవారుజాము రోడ్డు వదల్లేదు. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 డిసెంబరు 6న, ఆయన పెద్దకొడుకు జానకిరామ్ విజయవాడ హైవే మీద మునగాల దగ్గర ఆకుపాములలో ట్రాక్టరు ఎదురై చనిపోయారు. 2009 ఎన్నికల ప్రచారం నుంచి తిరిగి వస్తూ జూనియర్ ఎన్టీఆర్ గాయపడింది సూర్యాపేట దగ్గరి మోతెలో. ఆయన ప్రతి సినిమా వేడుకలోనూ చివర్లో అభిమానులకు జాగ్రత్తగా ఇంటికి వెళ్లమని చెప్పడం మనందరం వింటూనే ఉన్నాం. ఆ మాట ఎక్కడి నుంచి వస్తుందో మా జిల్లా వాళ్లకు తెలుసు.

విజయవాడ హైవే మీద తరచూ ప్రమాదాలు జరిగే బ్లాక్‌స్పాట్లుగా అధికారులు గుర్తించిన వాటిలో ఆకుపాముల ఉంది, మా చిట్యాలా ఉంది. పైన చెప్పినవి పేరున్న వాళ్ల కథలు కాబట్టి మనకు తేదీలు గుర్తున్నాయి. పేరు లేని వాళ్ల ఫొటోలు మా మండలంలో ఊరూరా ఇళ్ల గోడలకు దండలేసుకొని ఉన్నాయి.

రోడ్డు మీద వేగంలో ఉన్న లెక్కను నేను కుర్రాళ్లకు కాగితం మీద వేసి చూపిస్తాను. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఎదురుగా గేదె కనపడి కాలు బ్రేకు మీదికి చేరేలోపు ఒక సెకను పోతుంది. అంటే 28 మీటర్లు బ్రేకు లేకుండానే పోయాం. ఆ తర్వాత మంచి టైర్లున్న కారు పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో నలభై మీటర్ల పైన కావాలి. మొత్తం 70. ఇప్పుడు 140 అనుకోండి. స్పీడు పెరిగింది నలభై శాతమే కానీ ఆగే దూరం 120 మీటర్లు దాటుతుంది. బ్రేకులు మింగాల్సిన శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలు. పదో తరగతి భౌతికశాస్త్రమే ఇది. పరీక్షలో అందరం సరిగ్గా రాశాం.

ఇరుంగాట్టుకోట్టైలో నేర్చుకున్నది

చెన్నై నుంచి బెంగళూరు పోయే దారిలో, శ్రీపెరుంబుదూరుకు ముందు ఇరుంగాట్టుకోట్టై. అక్కడి ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు, 1990లో మొదలైంది. చుట్టూ ఫ్యాక్టరీలు, తాటిచెట్లు, నెత్తిన మండే ఎండ. గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ కోసం కట్టిన బుద్ధ్ సర్క్యూట్ హంగులు ఇక్కడ లేవు. నాకు మాత్రం ఇదే బడి.

ట్రాక్‌డే అంటే రేసు కాదు. మన కారే తీసుకెళ్లి, డబ్బు కట్టి, నేర్పేవాళ్ల అజమాయిషీలో నడపడం. పొద్దున ముందు కారును తనిఖీ చేస్తారు. బ్యాటరీ బిగుతుగా ఉందా, ఆయిల్ కారుతోందా, టైర్లలో చావ ఉందా చూస్తారు. లోపలి సామానంతా దించేయమంటారు, ఫ్లోర్ మ్యాట్‌తో సహా. మ్యాట్ జారి పెడల్ కిందికి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. తర్వాత జెండాల పాఠం. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ వద్దు. ఎరుపు అయితే సెషన్ ఆగినట్టే, నెమ్మదిగా లోపలికి రావాలి. నీలం జెండా వెనక నుంచి వేగమైన కారు వస్తోందని చెబుతుంది. మన హైవే మీద దారి ఇవ్వడాన్ని ఓటమి అనుకునే వాళ్లను చూసి చూసి, నీలం జెండా చూడగానే పక్కకు తప్పుకొని చేయెత్తి రమ్మనే డ్రైవర్లను చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

హెల్మెట్ పెట్టుకొని స్విఫ్ట్‌లో కూర్చుంటే పక్కసీట్లో నేర్పే ఆయన. వయసు మళ్లిన తమిళాయన, చాలా తక్కువ మాట్లాడతాడు. మొదటి ల్యాపంతా ఆయన చెప్పింది ఒక్కటే: "దూరం చూడు." మనం బానెట్ ముందు ఇరవై మీటర్లు చూస్తూ నడుపుతాం. ట్రాక్ మీద కళ్లు మలుపు లోపలికి, అది దాటాక మలుపు బయటికి పోవాలి. చేతులు కళ్ల వెంట వాటంతటవే వెళ్తాయి. ఇది ఒంటికి పట్టడానికి సగం రోజు పట్టింది. పట్టాక మాత్రం లోకమే నెమ్మదించినట్టు అనిపించింది. అదే వేగం, కానీ ఆలోచించడానికి టైము దొరుకుతోంది.

ప్రధాన స్ట్రెయిట్ చివర కుడివైపు తిరిగే వేగమైన మలుపు, సీ వన్. దాన్ని చూస్తే ఎవరి గుండెకైనా వేగం పెరుగుతుంది. అక్కడే బరువు గురించి నేర్చుకున్నాను. బ్రేకు వేస్తే కారు బరువు ముందు టైర్ల మీదికి, యాక్సిలరేటర్ తొక్కితే వెనక టైర్ల మీదికి, తిప్పితే బయటి వైపు టైర్ల మీదికి పోతుంది. నిండు బిందె నెత్తిన పెట్టుకొని బావి నుంచి వచ్చే ఆడబిడ్డ మలుపులో ఎలా తిరుగుతుందో చూడండి. గబుక్కున తిరగదు, గబుక్కున ఆగదు. మలుపుకు ముందే అడుగు తగ్గిస్తుంది, తిరుగుతూ ఒకే తీరున నడుస్తుంది, నేరుగా అయ్యాక జోరు పెంచుతుంది. ట్రాక్ మీద మంచి ల్యాపుకు వేరే రహస్యం లేదు. బ్రేకు నేరుగా ఉన్నప్పుడే గట్టిగా వేయాలి, మలుపులో కాలు మెత్తబడాలి, బయటికి చూపు పడ్డాకే యాక్సిలరేటర్.

టైరుకు ఉన్న పట్టు ఒక్కటే, పరిమితం. దాన్ని ఆగడానికి వాడుకుంటే తిరగడానికి తగ్గుతుంది, తిరగడానికి వాడుకుంటే ఆగడానికి తగ్గుతుంది. మా హైవే ప్రమాదాల్లో ఎన్నో ఈ ఒక్క సంగతి తెలియక జరుగుతున్నాయి. కుక్క అడ్డం వస్తే స్టీరింగ్ కోసేస్తాం, అదే క్షణంలో బ్రేకు తొక్కేస్తాం, కారు ఏ మాటా వినదు. ఏబీఎస్ ఉన్న కారులో పెడల్ కింద గడగడమంటే భయపడి కాలు తీసేవాళ్లున్నారు. నిజానికి ఆ గడగడే కారు పనిచేస్తోందనడానికి గుర్తు, కాలు తీయకూడదు. దీన్ని ఏ డ్రైవింగ్ స్కూలూ నాకు నేర్పలేదు. ఖాళీ తారు మీద, చుట్టూ కొట్టుకోవడానికి ఏమీ లేనిచోట, పక్కన ఒక పెద్దమనిషి ఉండి "ఇంకా గట్టిగా తొక్కు" అంటే తప్ప ఒంటికి తెలిసే విద్య కాదిది.

మధ్యాహ్నానికి కార్లు అలసిపోవడం మొదలవుతుంది. 32 దగ్గర గాలి పెట్టిన టైరు కొన్ని ల్యాపులకే 38కి పోతుంది, వేడికి. గాలి తీసి మళ్లీ దింపుతారు. అసలు పరీక్ష బ్రేక్ ఆయిల్‌ది. అది గాలిలోని తేమను లోపలికి పీలుస్తుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 155కు పడిపోతుంది. ట్రాక్ మీద పదే పదే బ్రేకు వేస్తే ఆ వేడి దానికి చాలు. మరిగితే గొట్టంలో ఆవిరి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడూ ఇదే. అందుకే షెడ్డు ఉస్తాద్‌తో నేను మొదట అడిగేది ఇంజన్ ఆయిల్ గురించి కాదు, బ్రేక్ ఆయిల్ మార్చి ఎంతకాలమైందని. రెండేళ్లకోసారి మార్చాలి. మా ఊళ్లో పదేళ్లుగా మార్చని కార్లు నాకు తెలుసు.

సెషన్ అయ్యాక వెంటనే ఆపకూడదు. ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగి బ్రేకులను చల్లార్చాలి, ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయకూడదు, గేరులో వదిలేయాలి. కారు పక్కన నిలబడితే కాలిన ప్యాడ్ల వాసన, వేడి రబ్బరు వాసన. చేతులు వణుకుతుంటాయి, నవ్వు ఆగదు. ట్రాక్ నుంచి తిరిగి వచ్చే దారిలో ఎవరూ వేగంగా నడపరు. నాతో వచ్చిన స్నేహితులందరిలోనూ ఇదే చూశాను. లోపలి ఆకలి తీరిపోయి ఉంటుంది.

రాజ్యం మారితే ఆగిన రేసులు

హైదరాబాద్‌కు గొప్ప కార్లు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సింహాసనం అమర్చిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను తయారుచేయించారు. అది చేరేలోపే, 1911లో, ఆయన పోయారు. పసుపు రంగు కారు చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. తిరిగింది చాలా కొద్ది మైళ్లే. బహదూర్‌పురాలో సుధాకర్ గారి కార్ల మ్యూజియంలో బూటు, హ్యాండ్‌బ్యాగు, క్రికెట్ బంతి ఆకారాల్లో చేత్తో చేసిన కార్లున్నాయి, అన్నీ నడుస్తాయి. చార్మినార్ చాలెంజ్ పేరుతో ఒకప్పుడు ర్యాలీలు కూడా జరిగాయి. ట్రాక్ ఒక్కటే రాలేదు.

రాబోయి ఆగిపోయింది, అదీ రెండుసార్లు. 2003లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం గోపన్‌పల్లిలో ఫార్ములా వన్ సర్క్యూట్ కట్టాలనుకుంది. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, ఆలోచన పడకేసింది. ఫార్ములా వన్ చివరికి 2011లో గ్రేటర్ నోయిడాకు వచ్చి మూడేళ్లు నడిచి వెళ్లిపోయింది. మూడుసార్లూ సెబాస్టియన్ వెటలే గెలిచాడు.

రెండోది మన కళ్ల ముందటిది. 2022 నవంబరులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ మొదలైంది. ప్రమాదాలతో ఆ వారాంతం ప్రధాన రేసులు జరగకుండానే ముగిసింది, డిసెంబరులో మళ్లీ వచ్చి పూర్తిచేశారు. ఆ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ తరఫున నడిపిన వాళ్లలో మన కొండా అనిందిత్ రెడ్డి ఒకడు. తర్వాత 2023 ఫిబ్రవరి 11న ఎలక్ట్రిక్ కార్ల రేసు, ఫార్ములా ఈ. ఎన్టీఆర్ గార్డెన్, లుంబినీ పార్కు, కొత్త సచివాలయం చుట్టూ 2.8 కిలోమీటర్ల దారి, పద్దెనిమిది మలుపులు.

స్టాండ్‌లో కూర్చుని చూసిన ఆ మధ్యాహ్నాన్ని నేను మర్చిపోలేను. ఒక్కో కారుకు 350 కిలోవాట్లు, అంటే 470 హార్స్‌పవర్. వెనక చక్రాలకు మామూలు బ్రేకులే లేవు, మోటారే ఆపుతూ బ్యాటరీకి తిరిగి కరెంటు పంపుతుంది. ఇంజన్ రొద లేదు కాబట్టి టైర్లు తారును గీరే చప్పుడు, గోడల మధ్య గాలి చీలే చప్పుడు స్పష్టంగా వినపడ్డాయి. పోల్‌లో మొదలైన మిచ్ ఎవాన్స్‌ను సొంత జట్టు వాడే శామ్ బర్డ్ హెయిర్‌పిన్ దగ్గర గుద్దితే రెండు జాగ్వార్లూ పోయాయి. చివరి ల్యాపుల్లో జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర బ్యాటరీ శక్తి తక్కువ, వెనక నిక్ కాసిడీ దగ్గర ఎక్కువ. వెర్న్ ప్రతి మలుపులో సరైన చోట కారు పెట్టి, అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు. బలం తక్కువున్నవాడు విద్యతో గెలవడం మన నగరంలో, మన కళ్లతో చూశాం.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు జనవరిలోనే రద్దయింది. ఆ రేసు కోసం చేసిన చెల్లింపుల మీద కేసు నడుస్తోంది, తేల్చాల్సింది చట్టం. నాకు కనపడేది వేరే సంగతి. 2004, 2023. రెండుసార్లూ రేసు ఒక ప్రభుత్వం కలగా వచ్చి ఆ ప్రభుత్వంతోనే పోయింది. వీధిలో గోడలు కట్టి ఒక రోజు నడిపే రేసు అయ్యాక మిగిలేది కూడా లేదు. మర్నాడు గోడలు తీసేస్తే చిట్యాల కుర్రాడికి మళ్లీ హైవేనే.

చెన్నైలో జరిగింది పూర్తిగా వేరు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి షోళవరం ఎయిర్‌స్ట్రిప్ మీద గడ్డివాముల్ని హద్దులుగా పెట్టుకొని దశాబ్దాల పాటు రేసులు నడిపారు. డ్రైవర్లే సభ్యులు, సభ్యులే నిర్వాహకులు. ఆ అలవాటుతోనే సొంత నేల కొని, ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నారు. ఆ మధ్యకాలంలో తమిళనాడులో ఎన్ని ప్రభుత్వాలు మారాయో లెక్కపెట్టండి. ట్రాక్ ఉంది. కారణం అది క్లబ్‌ది కావడమే. సికింద్రాబాద్‌లో పుట్టిన సినీ నటుడు అజిత్ కుమార్ కార్ల రేసింగ్‌కు పోయింది చెన్నై నుంచే. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో ఆయన జట్టు తన క్లాసులో మూడో స్థానం తెచ్చుకుంది. ఆ కుర్రతనం సికింద్రాబాద్‌లోనే గడిచి ఉంటే ఆయన ఏ ట్రాక్‌కు పోయేవారు? హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్‌ను కొన్న నాగచైతన్య లాంటి వాళ్ల ఇష్టం నిజమైనదే. ఆ ఇష్టం జట్టు దగ్గర ఆగకుండా నేల దాకా రావాలి.

పదెకరాల చదును

హైదరాబాద్ చుట్టూ కార్టింగ్ ట్రాక్‌లు వచ్చాయి, మంచిదే. నగరంలో డబ్బున్న పిల్లలకు మొదటి మెట్టు దొరికింది. నల్లగొండ, పాలమూరు పిల్లలకు నేను అడుగుతున్నది ఫార్ములా వన్ సర్క్యూట్ కాదు. పదెకరాల చదును నేల. దాని మీద కోన్లు పెట్టి, ఒక్కొక్క కారునే వదిలి, స్టాప్‌వాచ్‌తో కాలం చూసే ఆటోక్రాస్. ఒకసారికి ఒకే కారు కాబట్టి ఢీకొనే ప్రసక్తి లేదు. రెండో గేరు దాటదు, వేగం అరవై డెబ్బైకి మించదు. ఒంటి మీద బరువు ఎటు పోతుందో తెలియడానికి అది చాలు. పదేళ్ల నాటి స్విఫ్ట్ చాలు, అద్దెకు తెచ్చుకున్న హెల్మెట్ చాలు. కావాల్సినవి క్లబ్ రిజిస్ట్రేషన్, దేశంలో మోటార్ స్పోర్ట్‌ను నడిపే ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతి, అంబులెన్సు, ఫైర్ సిలిండర్లు, ఇన్సూరెన్సు, క్రమశిక్షణ. రోడ్డు మీద రేసు పెట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద శిక్ష ఉంది, ఉండాలి కూడా. కొట్టాక ఎక్కడికి పంపాలో చెప్పకపోతే పోలీసు కూడా ఎంతకని కొడతాడు?

మాకు ఈ నేల ఉంది. చిట్యాల చుట్టూ పంట పండని రాతి చెల్కలు, నార్కట్‌పల్లిలో పెద్దాసుపత్రి, హైదరాబాద్ గంటన్నర దూరం. రేసు కారు చుట్టూ ఎంత పని ఉంటుందో చూసినవాడిగా చెబుతున్నాను. ఒక డ్రైవరు వెనక మెకానిక్కులు, టైర్లు చూసేవాళ్లు, టైము రాసేవాళ్లు, ప్రతి మలుపు దగ్గర జెండా పట్టిన మార్షల్సు. మార్షల్సులో చాలామంది స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. చెన్నైలో వాళ్లను చూశాను. ఎండలో పొద్దంతా నిలబడి, ఎవరి కారో గుద్దుకుంటే ముందు పరుగెత్తేది వాళ్లే. మా షెడ్డుల్లో క్లచ్ ప్లేట్లు అర గంటలో దింపే పిల్లలున్నారు. ట్రాక్టర్ ఇంజన్ చెవితో విని జబ్బు చెప్పేవాళ్లున్నారు.

మొన్న షెడ్డులో ఇదంతా చెబుతుంటే ఉస్తాద్ జాకీ మీద నుంచి తల ఎత్తకుండానే విన్నాడు. స్పానర్ తుడుచుకుంటూ అడిగాడు.

"గా జెండా పట్టేటోళ్లకు చదువెంత ఉండాలె?"

"చదువు లెక్క లేదన్నా. పద్దెనిమిదేండ్లు నిండాలె. ట్రైనింగ్ క్లబ్బోళ్లే ఇస్తరు."

"పైసలు కట్టాల్నా?"

"ఏమొద్దు. ఆదివారం ఇయ్యాలె, గంతే."

పక్కన పంక్చర్ వేస్తున్న ఇద్దరు కుర్రాళ్ల వైపు చూశాడు. "మా షెడ్డుల నుంచి మూడు పేర్లు రాస్కో. మూడోది నాదే. జాగ ఎవరు సూపిస్తరో సర్పంచ్‌ల తాన నేనే అడుగుత."

ఆ మూడు పేర్లతో మొదలుపెట్టిన జాబితా ఇప్పుడు నోటుబుక్కులో రెండో పేజీకి వచ్చింది. క్లబ్‌కు పేరింకా పెట్టలేదు. ముందు జాగ చూస్తున్నాం.